ఎగువ తెలియని ప్యాకేజీ

కోనసీమలో సాగునీటి గురించి మాట్లాడేవారికి ఎగువ, దిగువ అన్న రెండు మాటలు లేకుండా సంభాషణ సాగదు. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట ఆపిన నీరు బొబ్బర్లంక వద్ద కాలువలోకి దిగి, కొత్తపేట ప్రాంతంలోని లొల్ల లాకులు దాటి, కొమ్మలుగా చీలుతుంది. ఒక కొమ్మ అమలాపురం వైపు పోతే, మరొకటి పి.గన్నవరం దగ్గర అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి రాజోలు వైపు పోతుంది. శివారు చేనుకు నీరందనప్పుడు రైతుకు ఏ తూము చూడాలో, ఏ లాకు దగ్గర అడగాలో, ఏ లస్కరును నిలదీయాలో తెలుసు. ఆ చేను నుంచి ఆనకట్ట దాకా ప్రతి మలుపుకూ ఒక పేరు, ఒక పటం, ఒక బాధ్యుడు ఉండబట్టే అది సాధ్యం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ లోకం కూడా ఇవే మాటలు వాడుతుంది. ప్రోగ్రామును రాసి, దిద్ది, పెంచే చోటు ఎగువ. దాన్ని తీసుకుని ప్యాకేజీగా కట్టి మన కంప్యూటర్‌లోకి పంపే చోటు దిగువ. అయితే అక్కడి పటం చాలాచోట్ల చిరిగిపోయింది. చేతిలో ఉన్న ప్యాకేజీ ఏ మూలం నుంచి, ఏ వెర్షన్ నుంచి, ఎవరి మార్పులతో వచ్చిందో చూపే లంకె ఉండాలన్నది నిపుణులు తమలో తాము తేల్చుకోవలసిన చిన్న విషయంలా కనిపిస్తుంది. తెలుగుకు మాత్రం అది మన అక్షరం యంత్రంలో ఎంతకాలం సరిగ్గా నిలుస్తుందన్న ప్రశ్న.

మనం రోజూ వాడే ఒక వస్తువునే తీసుకుందాం. అమలాపురంలో ఒక విద్యార్థి ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడానికి ఆర్టీఎస్ పద్ధతిని ఎంచుకుంటాడు. ఇంగ్లిష్ అక్షరాల మీటలు నొక్కితే తెలుగు పడుతుంది. ఈ పద్ధతి 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ వంటి తెలుగువారు ఇంటర్నెట్ చర్చల్లో తెలుగును రాసుకోవడానికి దాన్ని తీర్చారు. ఆ విశ్వవిద్యాలయం పేరే ఆర్టీఎస్‌లోని మొదటి అక్షరం. తరువాత జపాన్‌లోని ఏఐఎస్‌టీ పరిశోధన సంస్థలో రూపొందిన ఎం17ఎన్ అనే బహుభాషా లైబ్రరీలోకి ఆ అక్షరాల పట్టిక చేరింది. అక్కడి నుంచి డెబియన్ అనే లినక్స్ పంపిణీ ప్యాకేజీలోకి, డెబియన్ నుంచి ఉబుంటులోకి వచ్చింది. రైస్ విశ్వవిద్యాలయం నుంచి అమలాపురం దాకా నాలుగు మజిలీలు. ఏదో ఒక గుణింతం తప్పుగా పడితే ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలి? ఉబుంటుకా, డెబియన్‌కా, జపాన్‌లో మొదలైన లైబ్రరీ బృందానికా? మధ్యలో ఒకరు దిద్ది ఊరుకుంటే మిగిలినవారి దగ్గర తప్పు అలాగే ఉంటుంది. పై మజిలీలో దిద్దితేనే దిగువన అందరికీ సరైన అక్షరం అందుతుంది. కాబట్టి ప్యాకేజీకి ఎగువ ఏదో స్పష్టంగా రాసి ఉండడం, ఆ రాత పనిచేస్తూ ఉండడం, యంత్రం కూడా చదివి సరిచూడగలిగేలా ఉండడం ప్యాకేజీలో భాగమే కావాలి. ఈ వ్యాసం వాదన అదే.

ఫాంట్ల కథలో ఈ అవసరం ఇంకా బాగా కనిపిస్తుంది. యూనికోడ్ తెలుగు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు మనలో చాలామందికి తొలి యూనికోడ్ తెలుగును చూపాయి. అవి డెబియన్‌లో ఒక ప్యాకేజీగా, మరో పంపిణీ అయిన ఫెడోరాలో విడివిడి ప్యాకేజీలుగా తిరిగాయి. రెడ్‌హ్యాట్ 2004లో విడుదల చేసిన లోహిత్ కుటుంబంలోని తెలుగు ఫాంటు ఎన్నో లినక్స్ యంత్రాలకు పాకింది. పురుషోత్ కుమార్ గుత్తుల 2013లో రూపొందించి, సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద విడుదల చేసిన మండలి, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లోనూ ఉన్నాయి, తెలుగు విజయం పేరుతో డెబియన్ ప్యాకేజీలోనూ ఉన్నాయి. ఒకే ఫాంటుకు ఇన్ని నకళ్లు ఉన్నప్పుడు ఒక్కో నకలు ఒక్కో వెర్షన్ దగ్గర ఆగిపోవచ్చు. పైగా తెలుగు అక్షరం తెర మీద పడడం ఒక్క ఫాంటు పని కాదు. అక్షరాలను కలిపి వత్తులు, గుణింతాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే మరో ఓపెన్ సోర్స్ లైబ్రరీది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ దాన్నే వాడతాయి. లిబ్రెఆఫీస్ 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని వేదికల మీదా దానికే మారింది. అందుకే ఒక వత్తు పక్కకు జరిగి కనిపిస్తే తప్పు ఫాంటుదా, హార్ఫ్‌బజ్‌దా, లిబ్రెఆఫీస్‌దా అన్నది మొదటి ప్రశ్న. మూడింటికీ మూడు ఎగువలు. లంకెలు సరిగ్గా ఉంటే ఈ ప్రశ్న ఒక సాయంత్రంలో తేలుతుంది. లేకుంటే తప్పును గమనించినవాడు విసిగి వదిలేస్తాడు, అది పదేళ్లు అలాగే ఉంటుంది.

మూలం మూసి ఉన్నప్పుడు ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 నవీకరణ ఇచ్చేదాకా తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతుందన్న వార్తలే తిరిగాయి. ఆ అక్షరాన్ని చిన్నప్పటి నుంచి రాస్తున్నవారు ఎవరూ తప్పు ఎక్కడుందో చూడలేకపోయారు, దిద్దడానికి చేయి వేయలేకపోయారు. ఓపెన్ సోర్స్ మనకిచ్చే అసలు హక్కు ఇక్కడే ఉంది: చూసి, దిద్ది, దిద్దినదాన్ని తిరిగి పంపగలగడం. కానీ మూలం తెరిచి ఉన్నా దానికి దారి తెలియకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. తాళం వేయని ఇంటి చిరునామా పోగొట్టుకున్నవాడికి, తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డవాడికి తేడా పెద్దగా ఉండదు.

దారి తప్పడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. చిరునామాలు వాటంతటవే చస్తాయి. వేలాది ప్రాజెక్టులకు ఇల్లయిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది. లోహిత్ సహా ఎన్నో ప్రాజెక్టులను ఉంచిన ఫెడోరా హోస్టెడ్ 2017లో ఆగిపోయింది. భారతీయ భాషల ప్యాకేజీలు చూసే బృందంతో సహా డెబియన్ బృందాలెన్నో వాడిన అలియోత్ వేదిక 2018లో సెలవు తీసుకుని సల్సాకు చోటిచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు కొత్త చిరునామాను అందరికీ చాటే మనుషులుంటారు. ఒకరిద్దరు స్వచ్ఛందంగా చేసిన తెలుగు ఫాంటుకో, కీబోర్డుకో అలాంటివారు దొరకరు. ప్యాకేజీలో ‘హోమ్‌పేజీ’ అన్న గడి నిండే ఉంటుంది, నొక్కితే అక్కడ ఏమీ ఉండదు. డెబియన్‌లో ఎగువన కొత్త విడుదల వచ్చిందేమో చూసే ‘వాచ్’ ఫైలు ఉంది, మూలాన్ని వివరించే మెటాడేటా ఫైలు ఉంది, ప్రతి ప్యాచ్ ఎగువకు పంపారా లేదా అని రాయడానికి గడి ఉంది. ఫెడోరా స్పెక్ ఫైలులో మూలం చిరునామా రాయాలి, సాధ్యమైనంత వరకు ఎగువకు దగ్గరగా ఉండాలన్నది అక్కడి నియమం. పనిముట్లు ఉన్నాయి. వాటిలో రాసినదాన్ని అప్పుడప్పుడు సరిచూసే అలవాటే తక్కువ.

ఫాంట్ల విషయంలో మరో చిక్కు ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఫాంటును వాడుకోనిస్తుంది, మార్చుకోనిస్తుంది, పంచుకోనిస్తుంది. కానీ డిజైనర్ ఏ ఫైలులో అక్షరాలు గీశాడో ఆ మూల ఫైలును కూడా ఇచ్చి తీరాలని అడగదు. జీపీఎల్ లైసెన్స్ అడుగుతుంది. కనుక ప్యాకేజీలో మనకు తరచూ దొరికేది వండిన అన్నమే. అందులోని బియ్యం ఏ మిల్లు నుంచి వచ్చిందో తెలియదు. అన్నం నుంచి బియ్యం తీయలేనట్టే తయారైన ఫాంటు ఫైలు నుంచి డిజైనర్ గీతలను, కొలతలను, వ్యాఖ్యలను పూర్తిగా వెనక్కి రాబట్టలేం. యూనికోడ్ తెలుగులో కొత్త అక్షరం చేర్చినప్పుడు, ఒక సంయుక్తాక్షరం దిద్దాల్సి వచ్చినప్పుడు కావలసింది ఆ మూల ఫైలే. లైసెన్స్ బలవంతపెట్టని చోట లంకె విలువ ఇంకా పెరుగుతుంది.

అనువాదాల్లో జరిగే నష్టం కంటికి కనిపించదు, కానీ అది మనుషుల శ్రమ. తెలుగు డెస్క్‌టాప్ కోసం స్వేచ్ఛ వంటి సంస్థల్లోనూ, విడిగానూ ఎందరో విద్యార్థులు, ఉద్యోగులు రాత్రుళ్లు కూర్చుని మెనూలు, సందేశాలు తెలుగు చేశారు. ఉబుంటు కోసం లాంచ్‌ప్యాడ్‌లో చేసిన అనువాదం ఉబుంటు భాషా ప్యాక్‌లోకి చేరుతుంది. దాన్ని ఎవరో ఒకరు గ్నోమ్ వంటి మూల ప్రాజెక్టుకు పంపితే తప్ప ఫెడోరా వాడేవారికి, డెబియన్ వాడేవారికి అందదు. ఒకే వాక్యాన్ని ఇద్దరు వేర్వేరు చోట్ల తెలుగు చేయడం, ఒకచోట ‘దస్త్రం’ అని, మరోచోట ‘ఫైలు’ అని మిగలడం ఇలాగే జరుగుతుంది. అనువదించేవారు కొద్దిమందే ఉన్న భాషలో ఈ రెట్టింపు శ్రమ భరించరానిది. అనువాదపు తెర మీదనే ‘ఈ ప్రోగ్రాముకు మూల అనువాద బృందం ఇక్కడ ఉంది’ అని చూపే ఒక్క లంకె ఆ శ్రమలో పెద్ద భాగాన్ని ఎగువకు మళ్లించగలదు.

ఇదంతా సౌకర్యం మాటే అనుకునేవారు భద్రత వైపు చూడాలి. 2006లో డెబియన్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఒక మార్పు చేశారు. ఒక పరీక్షా పరికరం ఇస్తున్న హెచ్చరికను తొలగించడం దాని ఉద్దేశం. దాని గురించి ఎగువ డెవలపర్లను ఒక ప్రశ్న అడిగారు. పూర్తి మార్పు మాత్రం వారి పరిశీలనకు వెళ్లి వారి కోడ్‌లో భాగం కాలేదు. ఫలితంగా రహస్య తాళాలు తయారుచేసే యాదృచ్ఛికత దాదాపు హరించుకుపోయి, ఒక్కో రకం తాళానికి సాధ్యమైన రూపాలు 32,768కి పడిపోయాయి. 2008 మే నెలలో బయటపడేదాకా డెబియన్, ఉబుంటు యంత్రాలు ఊహించగల తాళాలను తయారుచేస్తూనే ఉన్నాయి. ఎగువకు, దిగువకు మధ్య తేడా అందరి కంటికీ కనిపించేలా, ఎగువకు తిరిగి చేరేలా ఉంటే ఏ నిపుణుడో దాన్ని పట్టుకునే అవకాశం ఎంతో పెరిగేది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఎగువే విషపూరితమైతే లంకె ఏం చేస్తుంది? 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి నిర్వహణ చేతికి తీసుకున్న వ్యక్తే దాన్ని పెట్టాడు. 5.6.0, 5.6.1 వెర్షన్లు అప్పటికే కొన్ని పంపిణీల ప్రయోగాత్మక శాఖల్లోకి చేరాయి. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకోకపోతే స్థిర శాఖల్లోకీ వెళ్లేది. ఈ ఉదంతం అభ్యంతరాన్ని బలపరుస్తున్నట్టు కనిపించినా దగ్గరగా చూస్తే లంకె ఎందుకు కావాలో చెబుతుంది. ఆ దొంగదారిని తెరిచే స్క్రిప్టు అందరూ చూసే గిట్ రిపాజిటరీలో లేదు. విడుదల కోసం కట్టిన మూటలో మాత్రమే ఉంది. పంపిణీలు ఆ మూటనే మూలంగా తీసుకున్నాయి. మూటనూ రిపాజిటరీలోని ఫలానా కమిట్‌నూ, అంటే అక్కడ నమోదైన ఒక నిర్దిష్ట స్థితినీ, యంత్రమే పోల్చి, తేడా వస్తే ఆపే ఏర్పాటు ఉంటే ఆ ఫైలు మొదటి రోజే అనుమానం రేపేది. కనుక మూలం అంటే ఒక వెబ్ చిరునామా కాదని, ఒక నిర్దిష్ట కమిట్ అని, దాన్నుంచి ప్యాకేజీ దాకా ప్రతి అడుగూ మళ్లీ చేసి చూడగలగాలని ఎక్స్‌జెడ్ నేర్పింది. డెబియన్‌లో 2013 నుంచి సాగుతున్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ కృషి, 2023లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం ఎన్‌పీఎం మొదలుపెట్టిన మూల ధ్రువీకరణ ఈ దిశలోనివే. లంకె ఒక్కటే అన్నిటినీ కాపాడదు. అది లేకుండా మాత్రం ఏ తనిఖీ మొదలుకాదు.

రెండో అభ్యంతరం వాడేవారి వైపు నుంచి వస్తుంది. పంపిణీల్లో ప్యాకేజీలు కట్టే మెయింటైనర్లు చూసుకుంటున్నప్పుడు మామూలు మనిషికి ఈ వివరాలెందుకు అంటారు. అంబాజీపేట పరిసరాల్లో కొబ్బరి మొక్క కొనే రైతుకు వృక్షశాస్త్రం తెలియనక్కరలేదు. అయినా తల్లి చెట్టు ఏదని అడుగుతాడు. మొక్క మంచిదో కాదో తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి, అప్పుడు చేయగలిగింది ఉండదు. సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పు బయటపడేది ఆలస్యంగానే. అందరూ మూలం తెరిచి చదవకపోవచ్చు. చదవగలిగే ఒక్కరికి దారి ఉండడం వల్ల మిగతా అందరికీ రక్షణ దొరుకుతుంది. మెయింటైనర్లు చిత్తశుద్ధితో పనిచేస్తున్నారన్నది నిజం. వారిలో చాలామందికి తెలుగు చదవడం రాదన్నదీ అంతే నిజం. ఒక వత్తు తప్పని గుర్తించగలిగేది రాజోలులోనో, కొత్తపేటలోనో కూర్చున్న పాఠకుడే. అతడి మాట ఎగువకు చేరే దారి మెయింటైనర్‌కు కూడా మేలే చేస్తుంది.

మూడో అభ్యంతరం న్యాయమైనది. స్వచ్ఛందంగా పనిచేసేవారి మీద ఇంకో పని రుద్దడం తగునా? అసలు రచయితలే కనుమరుగైనప్పుడు, ప్రాజెక్టు ఆగిపోయినప్పుడు దేనికి లంకె వేయాలి? భారం నిజమే. అందుకే ఈ పనిలో ఎక్కువ భాగం యంత్రం చేయాలి. చనిపోయిన చిరునామాలను వెతకడం, కొత్త విడుదలలను పట్టడం, మూటలను రిపాజిటరీతో పోల్చడం మనిషి కూర్చుని చేయనక్కరలేని పనులు. రచయిత లేని చోట భద్రపరిచిన ప్రతికి లంకె వేయవచ్చు. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థ 2016లో ప్రపంచం ముందుంచిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భాండాగారం బహిరంగ మూల కోడ్‌ను పోగుచేసి దాస్తోంది. అందులో ప్రతి ఫైలుకూ దాని సారం నుంచే లెక్కించిన శాశ్వత గుర్తింపు ఉంటుంది. ఆ గుర్తింపు పద్ధతి 2025లో అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్‌సైట్ పోయినా ఆ గుర్తింపు పోదు. ‘ఎగువ ఆగిపోయింది, చివరి ప్రతి ఇది’ అని నిజాయితీగా రాయడం కూడా మంచి లంకే. ఆ రాత చూసి ఇంకొకరు ఆ పనిని చేతికి తీసుకోగలరు.

చట్టాలు కూడా ఇటే నడుస్తున్నాయి. 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఐరోపా సైబర్ రెసిలియన్స్ చట్టం, తమ ఉత్పత్తిలో వాడిన ఓపెన్ సోర్స్ భాగంలో లోపం కనిపిస్తే తయారీదారు దాన్ని ఆ భాగాన్ని నిర్వహించేవారికి తెలపాలని నిర్దేశిస్తుంది. ఆ బాధ్యతలు పూర్తిగా వర్తించేది 2027 డిసెంబరు నుంచి. ఎగువ ఎవరో తెలియకుండా ఈ బాధ్యతను నెరవేర్చడం కుదరదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2015లోనే ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానం ప్రకటించింది. 2024 అక్టోబరులో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ సాఫ్ట్‌వేర్ భాగాల జాబితాపై మార్గదర్శకాలు ఇచ్చింది. జాబితాలో పేరు, వెర్షన్ ఉంటే చాలనుకోకూడదు. పేరు తెలిసినంత మాత్రాన ఇంటి చిరునామా తెలిసినట్టు కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ప్రజాధనంతో చేయించే తెలుగు ఫాంటు, కీబోర్డు, నిఘంటువు, అనువాదం ఏదైనా మూల ఫైళ్లతో సహా బహిరంగ రిపాజిటరీలో ఉండాలని, విడుదలైన ప్రతి ప్యాకేజీలో ఏ కమిట్ నుంచి కట్టారో రాయాలని, దాని నకలు సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ వంటి భాండాగారంలో ఉండాలని టెండరులోనే షరతు పెట్టాలి. దీనికయ్యే ఖర్చు టెండరు కాగితాల ఖర్చును మించదు.

ప్రభుత్వాల కోసం ఎదురుచూడకుండానే చేయగలిగిన పని ఒకటుంది. యూనికోడ్ తెలుగు ఫాంట్లు, ఎం17ఎన్‌లోని తెలుగు కీబోర్డులు, ఆస్పెల్, హన్‌స్పెల్ తెలుగు పద పట్టికలు, ప్రధాన ప్రోగ్రాముల తెలుగు అనువాదాలు అన్నీ కలిపినా చేతికందని సంఖ్య కాదు. ఇంజినీరింగ్, డిగ్రీ కళాశాలల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల పేరుతో ప్రతి సంవత్సరం ఎన్నో పనులు చేసి అటకెక్కిస్తున్నారు. వాటి బదులు ఒక్కో విద్యార్థి ఒక్కో తెలుగు ప్యాకేజీని తీసుకుని, దాని మూలం ఎక్కడుందో వెతికి, ప్యాకేజీకి మూలానికి తేడా ఎంతో చూసి, చనిపోయిన లంకెను దిద్ది, ఒక్క తప్పునైనా సరిచేసి ఎగువకు పంపితే చాలు. వెర్షన్ నిర్వహణ, లైసెన్సులు, భద్రత, భాషాసేవ ఒకే పనిలో నేర్చుకున్నట్టవుతుంది. ఆ సవరణ అంగీకారం పొందిన రోజున అమలాపురంలో రాసిన నాలుగు పంక్తులు తెలుగు తెర ఉన్న ప్రతిచోటికీ ప్రయాణిస్తాయి.

తెలుగు తెర మీదకు ఊరికే రాలేదు. రైస్‌లో అక్షరాల పట్టిక వేసినవారు, పోతన ఫాంటు గీసినవారు, రాత్రుళ్లు మెనూలు తెలుగు చేసినవారు మనకు ముఖాలు తెలియకుండానే రోజూ మన వేళ్ల కింద పనిచేస్తున్నారు. ప్యాకేజీలో మూలానికి వేసే లంకె వారి పేరును మనకు చెబుతుంది, మన తప్పొప్పులను వారికి, వారి వారసులకు చేరవేస్తుంది. తీసుకున్న దగ్గరికి తిరిగి వెళ్లగల దారి ఉన్నంతకాలం ఆ పని ఏ ఒక్కరితోనూ ఆగిపోదు.